పందికొక్కు నుంచి పెట్రికోర్ దాకా: మూడు అరుదైన ఇంగ్లిష్ మాటలు

నమస్కారం. నోటుపుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఈ రోజు మూడే మాటలు. మూడేనా అని పెదవి విరవకండి. రోజుకు యాభై చొప్పున బట్టీ పట్టిన వాళ్లలో నేనూ ఒకడిని. వారం తిరిగేసరికి ఐదు కూడా మిగిలేవి కావు.

మొదటిది బ్యాండికూట్. స్పెల్లింగు తెర మీద ఉంది. పైకి చదవండి. ఇంకోసారి, కాస్త నెమ్మదిగా. ఏదైనా స్ఫురించిందా? మన పందికొక్కే! తెలుగు నేల నుంచి వెళ్లి ఇంగ్లిష్ నిఘంటువులో బొరియ చేసుకుంది. తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతి ఉన్న వేరే జంతువు కనబడితే తెల్లవాళ్లు దానికీ ఇదే పేరు తగిలించారు. అది ఎలుక జాతి కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జాతి. అందుకని ఈ మాట ఎదురైతే కథ ఏ దేశంలో జరుగుతోందో ముందు చూసుకోండి. ఆస్ట్రేలియా వాడుకలో ఇది క్రియ కూడా. పైన మొక్క చెక్కుచెదరకుండా కింద నుంచి బంగాళాదుంపలు కాజేయడాన్ని అలా అంటారు. పందికొక్కుతో వేగిన రైతుకు ఈ అర్థం వేరే చెప్పాలా?

రెండోది పెట్రికోర్. ఎండిన నేల మీద తొలకరి పడగానే గుప్పుమనే వాసన. ఈ మాటకు వయసు తక్కువ. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఈ పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి. ఐకోర్ అంటే దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారే ద్రవం. మనం మట్టి వాసన అని ఊరుకున్నాం కానీ, ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దాన్ని ఏకంగా అత్తరుగా తీసి సీసాలకు ఎత్తుతారు.

ఇప్పుడు ఐకోర్‌ను వదిలేసి పెట్రాను పట్టుకోండి. పెట్రోలియం అంటే రాతి నూనె. బంకులో మనం అడిగే పెట్రోల్ ఆ ఇంటి బిడ్డే. మూడో మాట కూడా అక్కడిదే: పెట్రిఫైడ్. అసలు అర్థం రాయిగా మారిన అని. శాపం తగిలిన అహల్యను తలచుకోండి, ఇక మరిచిపోరు. మామూలు వాడుకలో భయంతో బిగుసుకుపోవడం. తెలుగువాడు భయపడితే కొయ్యబారిపోతాడు, ఇంగ్లిష్‌వాడు రాయైపోతాడు. ఫలానాదంటే భయం అని చెప్పాలంటే దీని పక్కన 'ఆఫ్' చేర్చండి.

పుస్తకంలో ఒక్కో మాటకు ఒక్కో పేజీ ఇవ్వండి. పైన మాట, దాని కింద అది ఏ ముక్కలతో పుట్టిందో, అడుగున మీ సొంత వాక్యం. నిఘంటువులోని వాక్యాన్ని దించుకోవద్దు. మీ వీధి కుక్కో, మీ పెరటి వానో అందులో ఉండాలి.

పెట్రిఫైడ్‌ను ఎక్కడైనా ధైర్యంగా వాడండి. పెట్రికోర్‌ను మాత్రం ఉద్యోగ ఇంటర్వ్యూలో ప్రయోగించకండి. అడిగేవారికి ఆ మాట తెలియకపోతే ఇద్దరికీ ఇబ్బంది.

ఇక వీడియో ఆపి మూడు వాక్యాలు రాయండి. అవి పూర్తయ్యాక క్యాటమరాన్ (ఒక రకం పడవ) అనే మాటను మీరే విడగొట్టి చూడండి. తమిళం తెలిసిన స్నేహితులు ఉంటే రెండు నిమిషాల పని.