నెల్లూరు నుంచి విజయవాడకు ఎన్ని యూనిట్లు?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. నెల్లూరులో ఎలక్ట్రిక్ కారు ఉన్నవారిని ఊళ్లో తిరగడానికి ఎంతవుతోందని అడిగితే తడుముకోకుండా చెబుతారు. విజయవాడ వెళ్లి రావడానికి ఎంతయిందని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. మా బావగారు గణితం బోధించి పదవీ విరమణ చేసినవారు. కూతురిని చూడడానికి ఆ కారులోనే విజయవాడ వెళ్లి వస్తూ, ప్రతి ప్రయాణానికీ పద్దు రాసిపెట్టుకుంటారు. బావగారూ, ఆ నోటుపుస్తకం తెచ్చారా?

బావగారు: తెచ్చాను. అయితే దానిలో అంకెలు చదివే ముందు ఒక మాట చెప్పాలి. యూనిట్ ధర ఒకటి కాదు, రెండు. మా ఇంట్లో ఏసీలు, కారు కలిసి నెలకు 400 యూనిట్లు దాటిపోతాయి కాబట్టి కారులోకి ఎక్కే యూనిట్‌ను 9 రూపాయల 75 పైసల స్లాబులోనే లెక్కగట్టాలి. చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు తీసి సంతోషపడతారు. అది తప్పు లెక్క. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర యాప్‌లో 18 రూపాయలని కనిపిస్తే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసి 21 రూపాయల 24 పైసలవుతుంది. అంటే ఇంటి ధరకు రెట్టింపు దాటింది.

వ్యాఖ్యాత: మరి విజయవాడ దాకా ఎన్ని యూనిట్లు కావాలి?

బావగారు: మా బ్యాటరీ 40 యూనిట్లది, దూరం సుమారు 275 కిలోమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల వరకు వస్తుంది, 100కు పెంచితే ఆరు కూడా కష్టమవుతుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం నాలుగో వంతు పెరిగితే అడ్డు సగానికి పైగా పెరుగుతుంది కదా! పిల్లలకు పాఠం చెప్పినన్నాళ్లూ ఈ వర్గం లెక్క నల్లబల్ల మీదే ఉండేది, ఇప్పుడు కావలి దాటేసరికి డ్యాష్‌బోర్డు మీద కనబడుతోంది. ఆరు చొప్పున వేసుకుంటే ఒక వైపుకు 46 యూనిట్లు.

వ్యాఖ్యాత: అంటే ఒకసారి ఆగక తప్పదు. ఎక్కడ ఆగుతారు?

బావగారు: ఒంగోలులో. అక్కడికి 120 కిలోమీటర్లే గనుక బ్యాటరీ ఇంకా సగం ఉంటుంది. నిజానికి 20 శాతానికి దిగాక పెడితే చార్జింగ్ చురుగ్గా ఎక్కుతుంది కాబట్టి, మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ వంతెన కూడా దాటి చిలకలూరిపేట దాకా లాగవచ్చు. ఒకసారి అలాగే లాగాను. యాప్‌లో ఖాళీగా ఉందని చూపిన చోట చార్జర్ తెర వెలగనే లేదు, కాపలా మనిషి కరెంటు పోయిందన్నాడు. చేతిలో మిగిలిన తొమ్మిది యూనిట్లతో, ఏసీ ఆపేసి, లారీల వెనకే నెమ్మదిగా ఇంకో చార్జర్ వెతుక్కుంటూ పోయిన ఆ మధ్యాహ్నం మీ అక్క నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి దొరికే ఊళ్లోనే ఆగుతున్నాను.

వ్యాఖ్యాత: రహదారి మీద 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని కేంద్రం చెప్పింది కదా?

బావగారు: 2022 జనవరి మార్గదర్శకాల్లో రెండు వైపులా అలా ఉండాలని రాశారు. కాగితం మీది స్టేషన్ వేరు, మనం వెళ్లిన వేళకు గన్, అంటే కారుకు తగిలించే చార్జింగ్ పిడి, ఖాళీగా ఉండి పనిచేసే స్టేషన్ వేరు. పైగా 60 కిలోవాట్ల చార్జర్ అని బోర్డు ఉన్నా, రెండు గన్‌లకూ కార్లు తగిలిస్తే చాలా చోట్ల ఆ శక్తిని చెరి సగం పంచుతుంది; మన అరగంట గంటవుతుంది.

వ్యాఖ్యాత: నూరు శాతం నింపుకుంటే ఆ బెడద ఉండదు కదా?

బావగారు: 80 దాటాక బ్యాటరీయే వేగాన్ని తగ్గించేస్తుంది. చివరి ఇరవై శాతం కోసం నిలబడితే మన ఇడ్లీ అరిగిపోతుంది, వెనక వచ్చినవారి ఓపికా అరిగిపోతుంది. ఒంగోలులో పదమూడు యూనిట్లు, 276 రూపాయలు. దానితో విజయవాడ చేరి ఇంకా కొంత మిగులుతుంది.

వ్యాఖ్యాత: రానూ పోనూ మొత్తం?

బావగారు: ఇంటి నుంచి 40 యూనిట్లు నింపడానికి, చార్జింగ్‌లో పోయే నష్టంతో మీటరు 44 తిరుగుతుంది, అది 429 రూపాయలు. దారిలోనూ విజయవాడలోనూ కొన్నవి 58 యూనిట్లు, 1,232 రూపాయలు. మొత్తం 1,661. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారయితే, లీటరు 110 రూపాయల లెక్కన దాదాపు 3,780 అయ్యేది. టోల్ రెండింటికీ ఒకటే.

వ్యాఖ్యాత: సగానికి పైగా మిగిలినట్టే.

బావగారు: మిగిలింది ఇంటి దగ్గర నింపిన యూనిట్ల వల్ల. అపార్ట్‌మెంటులో ఉంటూ అన్నీ బయటే కొనేవారికి అదే ప్రయాణం 2,000 దాటుతుంది, ఊళ్లో తిరుగుడుకూ అదే ధర పడుతుంది. అన్నట్టు, నాలుగు యాప్‌ల వాలెట్లలో చిక్కుకున్న నా 640 రూపాయలను ఈ పద్దులో ఏ గడిలో వెయ్యాలో ఇంకా తేలలేదు.