ముందు అడగడం నేర్పండి

(సాయంత్రం పూట పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పడానికి ముందుకొచ్చిన వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆఫీసుల నుంచి, కాలేజీల నుంచి నేరుగా ఇక్కడికి వచ్చారు. టీ ఇంకా రాలేదు. అందుకని ఉపోద్ఘాతం జోలికి పోకుండా విషయంలోకి వచ్చేస్తాను.

వచ్చే నెల నుంచి మీ ముందు కూర్చునేది పిల్లలు కాదు. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి వస్తుంది. ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపే అన్న వస్తాడు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లబోతున్న అక్క, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి రావాలనుకునే అమ్మ కూడా వస్తారు. వీళ్లలో చాలామందికి ఏబీసీడీలు వచ్చు. పదో తరగతి దాకా ఇంగ్లీషు చదివి పాసైనవాళ్లూ ఉంటారు. అయినా నోరు పెగలదు.

సిగ్గు, భయం అని మనం తేలిగ్గా అనేస్తాం. అవి ఉన్న మాట నిజమే. కానీ బడిలో ఇంగ్లీషు క్లాసు ఎలా నడిచేదో ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రశ్న ఎప్పుడూ టీచరుదే. మనం జవాబు చెప్పాలి, అది కూడా నోట్సులో ఉన్న జవాబే. అన్నేళ్ల చదువులో మనంతట మనం ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. బయటికొచ్చాక సంగతి తలకిందులు. ఈ మందు ఎప్పుడు వేసుకోవాలి, బస్సు ఎక్కడ ఆగుతుంది, జీతంలో ఈ కోత ఎందుకు పడింది? ఇవన్నీ మన మనిషే ముందు నోరు తెరిచి అడగాలి. ఆ పని ఎవరూ నేర్పలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: మొదటి రోజు నుంచే ప్రశ్నలు విద్యార్థుల చేత అడిగించండి.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో భాషా స్థాయిలకు ఒక కొలమానం ప్రచురించింది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. మీ ఫోన్లలోని భాషా యాప్‌లలో కనిపించే ఏ1, ఏ2 అక్కడి నుంచి వచ్చినవే. అన్నిటికన్నా కింద ఉన్న ఏ1 మెట్టులో ఏం రాశారో చూడండి. ఎక్కడుంటారు, ఎవరు తెలుసు, ఏమేం ఉన్నాయి లాంటి సొంత వివరాల మీద ప్రశ్నలు అడగగలగాలి, జవాబూ చెప్పగలగాలి. అవతలి మనిషి నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతూ, సాయం చేయడానికి సిద్ధంగా ఉంటే చిన్నపాటి సంభాషణ నడపగలగాలి. ఆ చివరి షరతు నాకు చాలా ఇష్టం. కొత్తగా నేర్చుకునేవాడు అవతలివాడి సాయంతోనే మాట్లాడతాడని అది దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. మరి ఆ సాయం ఎలా అడగాలో మన పుస్తకాల్లో ఏ పాఠంలో ఉంది?

అందుకే నా మొదటి పాఠంలో పేరు, ఊరు ఉండవు. 'సారీ?', 'వన్స్ మోర్ ప్లీజ్', 'స్లోలీ ప్లీజ్', 'ప్లీజ్ రైట్ ఇట్'. మొదటి గంటంతా వీటితోనే సరిపోతుంది. నేను కావాలనే గబగబా మాట్లాడతాను, వాళ్లు నన్ను ఆపాలి. టీచరును ఆపడం మనవాళ్లకు ఎంత కష్టమో అప్పుడు చూడాలి! అర్థం కాకపోయినా తల ఊపేస్తారు. ఆ తల ఊపడం మాన్పించగలిగితే కోర్సులో చాలా దూరం వచ్చేసినట్టే.

మా క్లాసుకు ఒక అమ్మగారు వచ్చేవారు. అమెరికాలో విమానం దిగగానే ఆఫీసరు ఏమేం అడుగుతాడో, వాటికి ఏం చెప్పాలో కొడుకు వాట్సాప్‌లో రాసి పంపాడు. ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో ఉంటారు. ఆవిడ అదే వరుసలో బట్టీ పట్టారు, ఒక్క తప్పు లేకుండా. నేను ఆఫీసరులా కూర్చుని వరుస మార్చాను. 'హౌ లాంగ్ విల్ యూ స్టే?' అని అడిగితే, 'టు సీ మై సన్ అండ్ గ్రాండ్‌డాటర్' అన్నారు. మళ్లీ అడిగేసరికి కంగారుపడి మూడు జవాబులూ ఒకే ఊపిరిలో అప్పజెప్పేశారు. క్లాసంతా నవ్వింది, ఆవిడ కూడా నవ్వారు. ఆ కాగితం పక్కన పెట్టించి, ప్రశ్నలో ఒక్క ముక్క పట్టుకోవడం మీద కూర్చున్నాం. 'హౌ లాంగ్' వినబడితే కాలం అడుగుతున్నాడు. 'హూ' వినబడితే మనిషి, 'వేర్' వినబడితే చోటు. ఏదీ చెవిన పడకపోతే 'సారీ, వన్స్ మోర్ ప్లీజ్'. అప్పటికీ కుదరకపోతే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్'. ఈ చివరి వాక్యం నేర్పడం నామోషీ అనుకునే టీచర్లున్నారు. అదీ ఇంగ్లీషే కదండీ, పైగా ఆ కౌంటర్ ముందు అన్నిటికన్నా పనికొచ్చే ఇంగ్లీషు!

ఇక గ్రామర్ దగ్గరికి వద్దాం. తెలుగులో ప్రశ్న అడగడం చాలా సులువు. 'బస్సు వెళ్తుంది' అనే వాక్యానికి చివర దీర్ఘం తీస్తే 'బస్సు వెళ్తుందా?' అయిపోయింది. మాటల వరుస కదలదు. ఇంగ్లీషులో అదే ప్రశ్నకు 'డస్' ఎక్కడి నుంచో వచ్చి ముందు కూర్చోవాలి, 'గోస్'లోని చివరి శబ్దం ఊడిపోవాలి. నిన్నటి సంగతైతే 'డిడ్' రావాలి, 'వెంట్' కాస్తా 'గో' అయిపోవాలి. మన పుస్తకాలు మూడో వారానికే డూ, డస్, డిడ్ పట్టిక వేస్తాయి. ఆ పట్టిక పడిన వారం క్లాసు పలచబడుతుంది, గమనించండి.

ఆ పట్టికను వెనక్కి నెట్టేయవచ్చు. 'ఈజ్', 'కెన్' ఈ రెండింటితో మొదలుపెట్టండి. 'దిస్ సీట్ ఈజ్ ఫ్రీ' అనేది 'ఈజ్ దిస్ సీట్ ఫ్రీ?' అవుతుంది. 'ఐ కెన్ సిట్ హియర్' అనేది 'కెన్ ఐ సిట్ హియర్?' అవుతుంది. ఉన్న మాటే ముందుకు జరిగింది, కొత్తగా ఏదీ వచ్చి చేరలేదు, ఏదీ ఊడలేదు. 'కెన్ ఐ', 'కెన్ యూ' ఈ రెండే మొదటి నెలంతా లాగేస్తాయి. 'కెన్ యూ కాల్ ద డాక్టర్?', 'కెన్ ఐ పే బై ఫోన్?', 'కెన్ ఐ కీప్ మై పాస్‌పోర్ట్?' చివరిది కువైట్ వెళ్లే అక్కకు. ఆ ఇంట్లో ఆమె అరబ్బీ ఎలాగూ నేర్చుకుంటుంది. ఎయిర్‌పోర్టులో, ఆసుపత్రిలో ఇంగ్లీషు అక్కరకొస్తుంది. ఇక 'డస్' తప్పని చోట మొత్తం వాక్యాన్ని ఒకే ముక్కగా ఇవ్వండి: 'డస్ దిస్ బస్ గో టు', ఆ తర్వాత ఊరి పేరు. అక్కడ 'డస్' ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పేయండి. అడగకపోతే చెప్పకండి.

'కెన్' ముందు నేర్పమనడానికి ఇంకో కారణం ఉంది. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. 'ఇవ్వండి' అన్నాక వేరే ప్లీజ్ అక్కర్లేదు, మరీ కావాలంటే ముందు 'కొంచెం' అని చేరుస్తాం. ఇంగ్లీషు క్రియలో 'అండి' లేదు. అందుకని మనవాళ్లు ఎంతో వినయంగా అనుకుంటూ 'గివ్ మీ వాటర్' అంటే అవతలివాళ్లకు ఆర్డరు వేసినట్టు వినబడుతుంది. 'కెన్ ఐ హావ్ సమ్ వాటర్ ప్లీజ్' అలవాటైతే ఆ ఇబ్బంది తప్పుతుంది.

అసలు క్రియే లేని ప్రశ్నలను కూడా చిన్నచూపు చూడకండి. మందుల చీటీ మీద డాక్టర్లు 1-0-1 అని రాస్తారు కదా, ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. వేరే రాష్ట్రంలో మందుల షాపు కౌంటర్ దగ్గర ఉన్నారనుకోండి. 'బిఫోర్ ఫుడ్? ఆఫ్టర్ ఫుడ్?', 'హౌ మెనీ డేస్?' అంటే పని జరిగిపోతుంది. గ్రామర్ పేపర్లో దీనికి మార్కులు పడవు. షాపతను మాత్రం సరైన జవాబే చెప్తాడు. మా క్లాసులో ఖాళీ మందు షీట్లు, పేరు కొట్టేసిన పాత చీటీలు ఒక కవర్లో ఉంటాయి. ఒకరు షాపు యజమాని, ఒకరు కొనేవారు. కొనేవారు మూడు సంగతులు తెలుసుకుని తన కాగితం మీద 1-0-1 పద్ధతిలో రాసుకోవాలి. చివర్లో ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. తేడా వచ్చిందంటే ఎక్కడో అడగడం తక్కువైంది. నేను దిద్దాల్సిన పనే ఉండదు.

ఇలా ఒక పని ముందు పెట్టి, ఆ పని కోసం భాష వాడించడం మన పక్కనే పుట్టి పెరిగిన పద్ధతి. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు పరిసరాల్లోని బడుల్లో దీన్ని నడిపారు. బెంగళూరు ప్రాజెక్టు అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. గ్రామర్ వరుసను పక్కన పెట్టి, పిల్లల ముందు రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి పెట్టి లెక్క తేల్చమన్నారు. అక్కడ పిల్లలు కాబట్టి సామగ్రి టీచరే తయారుచేయాల్సి వచ్చింది. మీకు ఆ బాధ లేదు. మీ విద్యార్థుల జేబుల్లోనే అన్నీ ఉంటాయి: రైలు టికెట్టు, జీతం స్లిప్పు, కరెంటు బిల్లు, ఫోన్లో బ్యాంకు మెసేజ్.

పెద్దవాళ్ల చదువు వాళ్ల బతుకులోంచి రావాలనడానికి మనకు బయటి ఉదాహరణలు అక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమం గుర్తుంది కదా. రాత్రి బడుల్లో మగవాళ్ల తాగుడు, ఆడవాళ్ల కష్టం పాఠాలుగా వచ్చాయి. చదువుకున్నవాళ్లు ఆ పాఠం మీద మాట్లాడుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. మన ఇంగ్లీషు క్లాసు అంత పని చేస్తుందని నేను అనను. కానీ ఆ బడుల్లో కూర్చున్నవాళ్లకు, 'ద క్యాట్ ఈజ్ అండర్ ద టేబుల్' అని చెప్పించుకుంటున్న మన పెద్దలకు తేడా ఏమిటో ఆలోచించండి. యాభై ఏళ్ల మనిషి పగలంతా కష్టపడి వచ్చి పిల్లి బల్ల కింద ఉందని ఎవరికి చెప్పాలి?

వినడం గురించి ఒక్క సంగతి చెప్పాలి, అంకెలు. ఫోర్టీన్, ఫార్టీ వేరుగా రాసినా, వేగంగా చెబితే మన చెవికి ఒకటే. థర్టీన్, థర్టీ కూడా అంతే. ఇంగ్లీషువాళ్లు ఎక్కడ ఒత్తి పలుకుతారో దాన్ని బట్టి తేడా పట్టుకుంటారు. అది మన చెవికి అలవాటు కావడానికి చాలాకాలం పడుతుంది. డబ్బు విషయంలో అంతకాలం ఆగలేం. కాబట్టి తిరిగి అడగడం నేర్పండి: 'వన్ ఫోర్? ఆర్ ఫోర్ జీరో?' మా క్యాబ్ అన్న ఒకాయన దీన్ని మొదటి రోజే పట్టేశాడు. టర్మినల్ నంబరు, ఫ్లైటు టైము, గేటు, ఏదైనా విడివిడి అంకెలుగా తిరిగి అడిగి ఖాయం చేసుకుంటాడు. టైము చెప్పడంలో మాత్రం మనకు కలిసొచ్చేది ఒకటుంది. 'పావు తక్కువ అయిదు' అనే అలవాటున్న మనిషికి 'క్వార్టర్ టు ఫైవ్' ఇట్టే ఎక్కుతుంది. పాతకాలం వాళ్లకు మరీ తొందరగా ఎక్కుతుంది. కుర్రాళ్లు ఫోర్ ఫార్టీఫైవ్ అంటారు, అదీ సరిపోతుంది.

ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పను. మనవాళ్లు బస్సు, కారు అంటారు, ఎగ్‌ని యెగ్ అంటారు. అవతలివాళ్లకు అర్థమవుతోంది. అర్థం మారిపోయే చోట తప్ప యాసను ముట్టుకోకండి. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ లాంటి బోర్డులు దయచేసి పెట్టకండి. తెలుగులో ఒక నిమిషం చెప్పి, ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడించండి. వాక్యం మధ్యలో ఆపి దిద్దవద్దు. తప్పులు మీ కాగితం మీద రాసుకుని, చివర్లో ఎవరివో చెప్పకుండా రెండు మాత్రం బోర్డు మీద వేయండి. పేరు చివర గారు తప్పనిసరి. మీకన్నా ఇరవై ఏళ్లు పెద్దాయనను లేచి నిలబడి చెప్పమనకండి.

ఇంకో మాట, కాస్త కఠినమైనది. మీ విద్యార్థులు వరుసగా రారు. పెళ్లిళ్లుంటాయి, ఓవర్‌టైమ్ ఉంటుంది, పిల్లాడికి జ్వరం వస్తుంది. సోమవారం చెప్పింది రాకపోతే బుధవారం అర్థం కాదు అనేలా పాఠాలు అల్లితే, రెండు క్లాసులు పోయిన మనిషి మూడోదానికి మొహం చూపించడు. ఏ రోజు పాఠం ఆ రోజుకే పూర్తయ్యేలా ఉండాలి: మందుల షాపు ఒక సాయంత్రం, బస్టాండు ఒక సాయంత్రం. రాలేకపోయినవాళ్లకు ఆ రోజు ప్రశ్నలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపండి. వాళ్లు తిరిగి తమ గొంతుతో ఒక ప్రశ్న రికార్డు చేసి పంపాలి. అదే హోంవర్క్. రాత హోంవర్క్ ఇవ్వకండి, ఎవరూ చేయరు. పిల్లల చేత చేయించుకొస్తారు!

మొదటి రోజు స్థాయి తెలుసుకోవడానికి రాత పరీక్ష పెట్టాలా అని ఇందాక ఒకరు అడిగారు. వద్దు. పరీక్ష కాగితం చూడగానే సగంమంది మళ్లీ పదో తరగతిలోకి వెళ్లిపోతారు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, తెలుగులోనే, 'ఈ మధ్య ఇంగ్లీషు రాక ఎక్కడ ఆగిపోయారు, అక్కడ ఏం అడగాలనుకున్నారు?' అని కనుక్కోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకోండి. ముప్పై మంది ఉంటే కాస్త అటూ ఇటుగా ముప్పై ప్రశ్నలొస్తాయి, వాటిలో చాలావరకు ఆసుపత్రి, ప్రయాణం, డబ్బు, పిల్లల బడి చుట్టూనే తిరుగుతాయి. మీ సిలబస్ అదే. ఆ కాగితాలు వచ్చే సమావేశానికి తీసుకురండి. వాటిలో 'ఈజ్', 'కెన్'తో అయిపోయేవి ఏవో, మొత్తం ముక్కగా ఇవ్వాల్సినవి ఏవో కలిసి కూర్చుని విడదీద్దాం. టీ వచ్చినట్టుంది, తాగుతూ మాట్లాడుకుందాం.