రుద్దే ముందు చదవండి: పాత పొగాకు పైపుల కాలం, మరమ్మతు

అందరికీ నమస్కారం.

పాత పొగాకు పైపు ఒకటి చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని దాన్ని శుభ్రం చేయడం. మసి పట్టి, జిడ్డు పేరుకుని, నోట్లో పెట్టుకునే భాగం ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరిగిపోయి ఉంటే చెయ్యి ఊరుకోదు, నిజమే. కానీ ఆ పైపు ఎప్పటిదో చెప్పే గుర్తులన్నీ పైపైనే ఉంటాయి, మనం రుద్దేదీ ఆ పైభాగాన్నే. అందుకే కాలం తేల్చడం వేరు, బాగుచేయడం వేరు అనుకోవద్దని చెప్పడానికి వచ్చాను. మొదటి పని పూర్తిగా అయ్యేదాకా రెండోది మొదలుపెట్టకండి.

ఇంకో మాట. పొగ తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పొగాకు ఒంటికి ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొగ అలవాటే లేనివాళ్లు కూడా ఈ వస్తువుల్ని సేకరిస్తారు, చెక్కపని కోసం, వెండిపని కోసం, వాటి వెనక ఉన్న చరిత్ర కోసం.

పొగాకు నింపే గిన్నెని బౌల్ అంటాం. దాన్నుంచి సాగిన చెక్క మెడ షాంక్. నోటికి అందే భాగం స్టెమ్. ముద్రలు ఎక్కువగా షాంక్ పక్కల మీదా అడుగునా ఉంటాయి: కంపెనీ పేరు, ఆకారం నంబరు, తయారైన దేశం. అవి చెక్క మీద ఒత్తిన అక్షరాలు, లోతు చాలా తక్కువ. దశాబ్దాలుగా చేతులు తగిలి ఇప్పటికే సగం అరిగి ఉంటాయి. పైపు చేతికి రాగానే గదిలో లైటు తీసేసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి, భూతద్దంతో చూడండి. ఎదురుగా చూస్తే కనిపించని అక్షరాలు నీడ పడి లేస్తాయి. ఫోటో తీసి పెట్టుకోండి. ఇదంతా తడిబట్ట కూడా తగలకముందే.

ఇక చదవడం. దేశం పేరు ఎలా రాశారన్నది మంచి ఆధారం. 1890లో అమెరికా మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చి, దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలంది, దాంతో ఆ మార్కెట్‌కి వెళ్లే సరుకు మీద దేశం పేరు వేయక తప్పలేదు. డబ్లిన్ పీటర్సన్ పైపుల్లో అయితే ఐర్లండ్ రాజకీయ చరిత్రే కనిపిస్తుంది. ఐరిష్ ఫ్రీ స్టేట్ అన్న దేశం 1922 నుంచి 1937 దాకానే ఉంది, రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్ అన్న పేరు 1949లో అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆ పేరు ముద్ర ఉన్న పైపు 1949కి ముందుది కాదు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, నేను "ముందుది కాదు" అన్నాను, "ఆ ఏడాదిదే" అనలేదు. పాత ముద్ర అచ్చు పాడయ్యేదాకా వర్క్‌షాపులో వాడుతూనే ఉంటారు, ముద్ర వేసిన సరుకు అమ్ముడుపోక అరల్లో ఉండిపోతుంది. ముద్ర మనకి చెప్పేది కింది హద్దు మాత్రమే. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్ల అమ్మకాల ప్రకటనల్లో ఎన్ని తప్పుడు తేదీలు తిరుగుతున్నాయో చూస్తే బాధేస్తుంది.

డన్‌హిల్ పైపుల మీద చాలామంది ప్రాణం పెట్టుకుంటారు, ఎందుకంటే అక్కడ ఏడాదే రాసి ఉంటుందని. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు, ఇసుక జల్లి చెక్కని గరుకుగా చేసే షెల్ పద్ధతి పేటెంటు 1917 నాటిది. 1920ల నుంచి ఇంగ్లండ్ అన్న ముద్ర చివర ఒక చిన్న అంకె వేయడం మొదలుపెట్టారు, అది ఏడాదిని సూచిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, 5 అంకె ఒక్క దశాబ్దంలోనే రాదు, మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఏ దశాబ్దపు 5 అన్నది తేలాలంటే పేటెంటు నంబరు ఉందా లేదా, అంకె ఎంత పెద్దది, కింద గీత ఉందా, ఇవన్నీ కలిపి చూడాలి. పేటెంటు నంబరు సగం అరిగిన పైపు దొరికితే, ఆ మిగిలిన సగం మీద ఒక దశాబ్దమో రెండు దశాబ్దాలో ఆధారపడి ఉంటాయి. దాని మీద పాలిష్ చక్రం పెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

షాంక్ చుట్టూ వెండి పట్టీ ఉంటే అదృష్టమే. బ్రిటిష్ హాల్‌మార్క్‌లో లంగరు గుర్తుంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్. పక్కనే ఏడాదిని చెప్పే అక్షరం ఉంటుంది. అక్షరం ఒక్కటే చాలదు, అది ఏ తరహా లిపిలో ఉంది, దాని చుట్టూ ఉన్న డాలు ఏ ఆకారంలో ఉంది అన్నది కూడా పట్టికతో పోల్చాలి, ఎందుకంటే అవే అక్షరాలు కొన్నేళ్లకొకసారి మొదటి నుంచి తిరిగొస్తాయి. 1975కి ముందు ఈ అక్షరం జనవరిలో కాకుండా ఏడాది మధ్యలో మారేది, కాబట్టి ఒక అక్షరం రెండు క్యాలెండర్ ఏళ్ల మీద పరుచుకుంటుంది. చెస్టర్ నగరపు గుర్తు ఉంటే ఆ పట్టీ 1962 దాటింది కాదు, అక్కడ హాల్‌మార్క్ వేసే కార్యాలయం ఆ ఏడాదే మూతపడింది. అయితే హాల్‌మార్క్ చెప్పేది వెండి వయసు, చెక్క వయసు కాదు. షాంక్ పగిలితే పట్టీ తొడగడం ఎప్పటినుంచో ఉన్న మరమ్మతే. పట్టీ కింది నుంచి ముద్ర సగం తొంగిచూస్తుంటే ఆ పట్టీ తరవాత వచ్చిందని అర్థం.

స్టెమ్ కూడా సాక్ష్యమే. 19వ శతాబ్దం రెండో సగం నుంచి ఎక్కువగా వాడింది వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. అంతకుముందూ ఆ రోజుల్లోనూ కొమ్ము, అంబర్ (శిలగా మారిన చెట్టు బంక) కూడా ఉన్నాయి. ఆక్రిలిక్ ప్లాస్టిక్ 1930లకి గానీ బజారులోకి రాలేదు, పైపులకి మామూలైంది ఇంకా తరవాత. 1920ల నాటిదని చెబుతున్న పైపుకి తళతళలాడే ఆక్రిలిక్ స్టెమ్ ఉంటే అది మార్చిన స్టెమ్. చెక్క కూడా అంతే. మంచి పైపులు ఎక్కువగా బ్రయర్‌వి, మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద వేరు దగ్గరి బుడిపె నుంచి వస్తుంది ఆ చెక్క. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సెయింట్-క్లోడ్ ఆ పనికి కేంద్రమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా ఆగిపోతే అమెరికాలో కాలిఫోర్నియా మంజానిటా చెక్కతో పైపులు చేసి మిషన్ బ్రయర్ అని అమ్మారు. ఆ చెక్క ఎదురైతే యుద్ధకాలం గుర్తుకు రావాలి.

అసలు ముద్రే లేని మట్టి పైపుల దగ్గర పురావస్తు శాస్త్రవేత్తలు చేసింది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఇంగ్లిష్ మట్టి పైపుల కాడలు కాలం గడిచేకొద్దీ పొడవయ్యాయి, లోపలి రంధ్రం సన్నబడింది. జె.సి. హారింగ్టన్ 1954లో ఈ సంగతిని లెక్కలోకి తెచ్చాడు. 1620కి ముందు అంగుళంలో 64వ వంతులు 9 ఉన్న రంధ్రం, 18వ శతాబ్దం రెండో సగానికి 4కి దిగింది. కొలవడానికి డ్రిల్ బిట్ల వెనక కొసలు చాలు. 1962లో లూయిస్ బిన్‌ఫర్డ్ దాన్ని సూత్రం చేశాడు: 1931.85 లోంచి, 38.26ని సగటు రంధ్రం కొలతతో గుణించి వచ్చింది తీసేయాలి. సగటు 5 అయితే 1740 దగ్గర తేలుతుంది. కానీ ఇది గుట్టగా దొరికిన ముక్కల సగటుకి పనికొచ్చే లెక్క. ఒక్క ముక్క పట్టుకుని దాని పుట్టిన ఏడాది చెప్పేస్తే నమ్మకండి.

సరే, మరమ్మతుకి వద్దాం. ముద్రలు చదివారు, ఫోటోలు ఉన్నాయి. మొదట స్టెమ్ విడదీయాలి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, లోపలికి దూరే కొస విరిగిపోతుంది, లేదా షాంక్ చీలుతుంది. అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తీసి, నెమ్మదిగా ఒకే వైపు తిప్పుతూ లాగితే చాలాసార్లు వదులుతుంది. వాడకంలో ఉన్న పైపుని వేడిగా ఉన్నప్పుడు విప్పకూడదన్నదీ ఇందుకే.

బౌల్ లోపల పేరుకున్న బొగ్గు పొరని పూర్తిగా గీకి తీసేయనక్కర్లేదు. ఒక మిల్లీమీటరు మందం ఉంచితే చెక్కకి రక్షణ. కత్తి మాత్రం వద్దు, గుండ్రటి బౌల్ కాస్తా పలకలు పడుతుంది. షాంక్ లోపలికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పైప్ క్లీనర్లు, తెల్లగా వచ్చేదాకా. పాత వాసన వదలకపోతే బౌల్‌లో దూది నింపి ఆల్కహాల్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దునకి ఆ దూది గోధుమ రంగులో తారు పీల్చుకుని ఉంటుంది. కొందరు ఉప్పు వాడతారు, నేను దూదే వాడమంటాను, ఉప్పు షాంక్‌లోకి దిగితే చెక్క చీలే ప్రమాదం ఉందని చాలామంది అనుభవం. ఆల్కహాల్ బయట పడితే రంగు లేచిపోతుంది, చూసుకోండి. మీర్షామ్ పైపుకి మాత్రం ఈ ఆల్కహాల్, నీళ్లు ఏవీ వద్దు. అది టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర తవ్వే మెత్తటి ఖనిజం, తడిస్తే ఇంకా మెత్తబడుతుంది. దానికి ఏళ్ల మీద వచ్చిన తేనెరంగే దాని విలువ.

వల్కనైట్ స్టెమ్ రంగు మారడానికి కారణం వెలుతురు, గాలి, తేమ తగిలి అందులోని గంధకం పైకి తేలడం. పంటిగాట్లు ఉంటే ముందు వాటి సంగతి చూడండి. ఈ పదార్థానికి పాత ఆకారం గుర్తుంటుంది, మంట మీదుగా త్వరత్వరగా కదిపితే నొక్కుకుపోయిన చోటు దానంతటదే కొంత లేస్తుంది. మిగిలిన గుంట నల్ల సూపర్ గ్లూతో నింపండి. ఆ తరవాత నీటితో తడిపి 400 లేదా 600 నంబరు శాండ్‌పేపర్, ఆపైన 1000, 2000, ఇంకా సన్నవి. స్టెమ్‌ని షాంక్‌కి తగిలించి ఉంచే రుద్దండి, షాంక్‌కి టేపు చుట్టండి. విడిగా రుద్దితే స్టెమ్ అంచు గుండ్రబడి అతుకు దగ్గర సందు ఏర్పడుతుంది, అది ఇక పూడదు. లోగో ఉన్న చోటికి శాండ్‌పేపర్ వెళ్లనివ్వకండి. కొమోయ్స్ అనే కంపెనీ స్టెమ్ మీది సి అక్షరాన్ని ఒకప్పుడు మూడు ముక్కలు పొదిగి చేసేవారు, తరవాత ఆ శ్రమ మానేశారు. అంటే ఆ చిన్న గుర్తు కూడా తేదీయే.

బౌల్ పై అంచు కాలి నల్లబడితే అంచు మొత్తం అరగదీసి చదును చేసేవాళ్లున్నారు. నాకు అది నచ్చదు. పైపు ఎత్తు తగ్గుతుంది, ఆకారం నంబరు చెప్పే కొలత పోతుంది. తడిగుడ్డతో మసి తుడిచి, మిగిలిన మచ్చని మచ్చగానే వదిలేయొచ్చు. షాంక్ చీలికకి మాత్రం ఆలస్యం చేయొద్దు. చీలిక ఆగిన చోట సన్నటి రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు, తరవాత గ్లూ, పట్టీ. ముద్ర మీదకి రాని పట్టీ ఎంచుకోండి.

చివరి మెరుపుకి కార్నోబా మైనం, పల్చగా, తక్కువ వేగంతో. షాంక్ ముద్రల దగ్గర చక్రం వద్దు, చేత్తో మెత్తటి బట్ట చాలు. వెండి హాల్‌మార్క్ మీద పాలిష్ పేస్టు అసలొద్దు. ఏం చేశారో, ఏ భాగం మార్చారో ఒక కాగితం మీద రాసి పైపుతోనే పెట్టండి, రేపు దాని కాలం తేల్చాల్సినవాళ్లు మీ పట్టీని చూసి మోసపోకుండా. ఇక దాచేటప్పుడు, వల్కనైట్ ఉన్నవాటిని ఎండ తగిలే అద్దాల బీరువాలో కాకుండా చీకటి సొరుగులో పెట్టండి. మీరు తెచ్చిన పైపులు ఇటు బల్ల మీద పెడితే టార్చి వేసి ఒక్కొక్కటీ చూద్దాం.