పట్టీలు విప్పించండి, కాలెత్తి చూడండి

(హైదరాబాద్‌లో గుర్రాలు, పోనీల ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం, కొత్త జడ్జీల శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, శాలువా కప్పిన కార్యదర్శిగారికి, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన విద్యార్థులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ, గుర్రాలను చూసుకునే సాయీసు సోదరులారా, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ్టి విషయం మీరు రోజూ చేత్తో తడిమి చూసేదే. మీరు నిలబడి, మేము కూర్చుని మాట్లాడుకోవడం బాగుండదు.

నాకిచ్చిన అంశం గుర్రం శరీర నిర్మాణాన్ని అంచనా వేయడం. తల దగ్గర మొదలుపెట్టి తోకతో ముగించమన్నారు. నోట్సు కూడా అలాగే రాసుకున్నాను. కానీ నలభై ఏళ్ళ అనుభవం కింది నుంచి మొదలుపెట్టమంటోంది. గిట్ట నుంచే మొదలుపెడతాను.

అందరూ ఒకసారి కుడిచెయ్యి చాపి, మధ్యవేలు ఒక్కటే నిలువుగా కుర్చీ మీద ఆనించండి. మొహమాటం లేదు, ఆనించండి. గోరు కుర్చీకి తగులుతోంది కదా? గుర్రం నిలబడేది దాని మీదే. పైన మణికట్టు ఉంది చూశారూ, గుర్రానికి మనం ముందుకాలి మోకాలు అంటున్నది అదే. వెనక కాలికి వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించే కీలు, హాక్ అంటాం, అది మన మడమ. దాని అసలు మోకాలు పొట్ట పక్కన ఉంటుంది. నాలుగైదు వందల కిలోల జంతువు నాలుగు గోళ్ళ మీద బతుకుతోంది. ఆ బరువులో నూటికి 60 పాళ్ళు ముందుకాళ్ళ మీదే పడుతుంది. మోకాలి కింద కండ లేదు. ఎముక, నరాల్లా సాగిన స్నాయువులు, పైన చర్మం, అంతే. అక్కడ ఎముక వంకరగా ఉంటే ఆదుకోవడానికి కండ రాదు.

ఇప్పుడు చూసే పద్ధతి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు దారం ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎదురుగా నిలబడి, భుజం కొస నుంచి దారం వదిలితే అది మోకాలి నడిమధ్య నుంచి, కింది ఎముక మధ్య నుంచి, గిట్ట మధ్యకు దిగాలి. వెనక నుంచి చూసేటప్పుడు పిరుదు కొస నుంచి వదలండి, అది హాక్‌నూ గిట్టనూ సగానికి పంచాలి. గిట్టల కొసలు లోపలికి తిరిగితే నడిచేటప్పుడు కాలు బయటికి విసురుతుంది. బయటికి తిరిగితే లోపలికి విసురుతుంది, రెండో కాలికి కొట్టుకుంటుంది. మొదటిది చూడ్డానికి బాగుండదు, రెండోది గాయం చేస్తుంది. మార్కులు వేసేటప్పుడు ఆ తేడా గుర్తుండాలి.

పక్క నుంచి చూడండి. గిట్టకు పైన, కణుపుకు కింద ఏటవాలుగా ఉండే భాగాన్ని పాస్టర్న్ అంటాం. దాని వాలు, గిట్ట ముందు గోడ వాలు ఒకే గీతలో ఉండాలి. ఆ పాస్టర్న్ నిట్టనిలువుగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా దెబ్బ నేరుగా ఎముకకు ఎక్కుతుంది. మరీ పొడుగై వాలిపోతే స్నాయువులు సాగిపోతాయి. మన ఊళ్ళో పెళ్ళి గుర్రం ఎక్కడ నడుస్తుంది? సీసీ రోడ్డు మీద. జనరేటర్ బండి ముందు, బ్యాండు పక్కన, గంటకు నాలుగడుగులు వేస్తూ, అర్ధరాత్రి దాకా. నిలువు పాస్టర్న్ ఉన్న గుర్రానికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఆలోచించండి.

హాక్ దగ్గర కాలు కొడవలిలా వంగితే ఒక బాధ, కర్రలా నిలువుగా ఉంటే ఇంకో బాధ. వీటి బొమ్మలు మీకిచ్చిన కాగితాల్లో ఉన్నాయి, రాత్రికి చూసుకోండి. ముందుకాలి మోకాలి సంగతి మాత్రం కాగితానికి వదలను. మోకాలు కాస్త ముందుకు వంగినట్టుంటే చూపుకు బాగుండదు గానీ, చాలా గుర్రాలు దానితో బతికేస్తాయి. మోకాలు వెనక్కి వాలితే అలా కాదు. దౌడులో బరువంతా పడ్డ క్షణాన ఆ కీలు ఇంకా వెనక్కి విరుచుకుంటుంది. ముందువైపు చిన్న చిన్న ఎముకలు ఒకదాన్నొకటి నొక్కుకుని పెచ్చులు లేస్తాయి. ఈ లోపానికి మందు లేదు. దీని గురించి మళ్ళీ చెబుతాను.

ఇక రంగు. నాలుగు కాళ్ళూ తెలుపు, మొహాన తెలుపు ఉంటే పంచకల్యాణి అని కళ్ళకద్దుకుంటాం. ఎక్కడ సుడి ఉంటే ఇంటికి మంచిది, ఎక్కడ ఉంటే యజమానికి కీడు అని లెక్కలు వేస్తాం. సంతలో సుడి చూసి బేరం ఆడేవాళ్ళనే ఎక్కువమందిని చూశాను, గిట్ట చూసేవాళ్ళు తక్కువ. మన కథల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. నలుడు బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి దగ్గర ఉంటాడు. ఒక్క రోజులో విదర్భ చేరాలి. బాహుకుడు అశ్వశాలకు వెళ్ళి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకొస్తాడు. రాజు విసుక్కుంటాడు, ఈ బక్కవి నన్నేం మోస్తాయని. బాహుకుడు ఏం చూసి ఎంచాడో భారతం చెబుతుంది. వెడల్పాటి ముక్కుపుటాలు, పెద్ద దవడలు. అక్కడ పది సుళ్ళ మాట కూడా ఉంది, దాచను. సుళ్ళ మాట నేను పట్టించుకోను. ముక్కు మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. గుర్రం మనలా నోటితో గాలి పీల్చుకోలేదు, ముక్కుతోనే పీల్చాలి. రాజు ఒంటి మీది కొవ్వు కోసం చూశాడు, బాహుకుడు ఊపిరి దారి చూశాడు. కొవ్వు నెల రోజుల ఉలవల గుగ్గిళ్ళతో వస్తుంది. ఎముక తీరు దేనితోనూ రాదు.

పుస్తకంలో కొలతలు చూసుకుంటే సరిపోదా అని పొద్దున ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 1761లో ఫ్రాన్సులోని లియోన్‌లో మొట్టమొదటి పశువైద్య పాఠశాల పెట్టిన బూర్జెలా, గుర్రం తల పొడవును కొలబద్దగా తీసుకుని, ఏ అంగం ఎన్ని తలల పొడవు ఉండాలో పట్టిక వేశాడు. ఇంగ్లండులో ఎక్లిప్స్ అనే గుర్రం 18 పందేల్లో పరుగెత్తి 18 గెలిచింది. అది 1789లో చనిపోతే, సేన్‌బెల్ అనే ఫ్రెంచి పశువైద్యుడు దాని కొలతలు తీశాడు. ఆ లెక్కలు బూర్జెలా పట్టికతో కుదరలేదు. పట్టిక పారేయమని నేను చెప్పడం లేదు. పట్టిక చూశాక కళ్ళు మూసుకోవద్దంటున్నాను.

మన నగరానికి గుర్రం కొత్త కాదు. మౌలాలీలో జరిగే పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడు. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. కానీ అక్కడ తీర్పు చెప్పేది గెలుపు గీత. జడ్జి పొరపాటుపడ్డా గుర్రం పరుగు దాన్ని బయటపెట్టేస్తుంది. మన ప్రదర్శనలో గెలుపు గీత లేదు. మన కన్నే గీత. అది తప్పితే దిద్దేవాళ్ళు లేరు. అలా ఒకసారి నా కన్ను తప్పింది. అది చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

పాతికేళ్ళ పైమాట. ఒక జిల్లా కేంద్రంలో ప్రదర్శన. ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. చివరి వరసలో ఒక తెల్ల మగ గుర్రం. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి, అసలు మార్వారీ జాతి గుర్రం లక్షణం. మెడ ఎత్తి నిలబడితే జనం ఈలలు వేశారు. ముందుకాళ్ళ మోకాళ్ళకు ఎర్ర మఖ్మల్ పట్టీలు, వాటికి మువ్వలు. నిలబెట్టింది చీలమండ దాకా పెరిగిన గడ్డిలో. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరో రెండుసార్లు వచ్చి చెప్పారు. పట్టీలు విప్పమని నేను అడగలేదు. గడ్డి దాటించి గట్టి నేల మీద నడిపించమనలేదు. కాలెత్తమనలేదు. దాని పక్కనే గోధుమరంగు ఆడ గుర్రం ఒకటి, కాస్త బక్కది, కాళ్ళు గుండు దారం వేసి నిలబెట్టినట్టున్నాయి. దానికి మూడో స్థానం ఇచ్చాం. తెల్లదానికి మొదటిది. దాని యజమాని మన పాతబస్తీ మనిషే, పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పుతాడు. కప్పు గుండెకు హత్తుకుని ఏడ్చాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఐదేళ్ళ తర్వాత ఒక రాత్రి కబురొచ్చింది, గుర్రం కడుపునొప్పితో దొర్లుతోందని. సందులో సందు దాటి వెళ్ళాను. అదే మనిషి. గుర్రానికి మందు పట్టించి, లేచి నడిచిందాకా ఉండి, చేతులు కడుక్కుంటూ టార్చి అటు వేస్తే, షెడ్డు చివర మూడు పిల్ల గుర్రాలు కట్టేసి ఉన్నాయి. పక్క నుంచి చూశాను. మూడింటికీ మోకాళ్ళు వెనక్కి వాలి ఉన్నాయి. వంగి చేయి పెట్టి చూశాను. ముందువైపు గుండ్రంగా ఉబ్బాల్సిన చోట నా అరచేతికి పల్లం తగిలింది. తల్లుల్ని చూశాను, వాటి కాళ్ళు బాగానే ఉన్నాయి. అప్పుడు తెల్లదాని దగ్గరికి వెళ్ళాను. పట్టీలు లేవు. పల్లం అక్కడే ఉంది. ఎప్పటి నుంచో ఉంది. కాలెత్తితే గిట్ట వెనక అంచులు రెండూ దగ్గరికి నొక్కుకుపోయి, మధ్యలో వేలు పట్టే చోటు లేదు.

"దీనితో ఐదు ఆడ గుర్రాలను దాటించాను డాక్టర్ సాబ్. మీరే కదా ఫస్ట్ ఇచ్చింది" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, గర్వంగా అన్నాడు. ఆ తర్వాత చాయ్ తెప్పించాడు.

పిల్లను తల్లి పదకొండు నెలలు మోస్తుంది. తర్వాత నాలుగేళ్ళు మేపితే గానీ ఊరేగింపుకు పనికిరాదు. ఉలవలు, గడ్డి, నాడాలు, సాయీసు జీతం, అన్నీ ఆ మనిషి అప్పు చేసి పెట్టినవే. వాటిలో రెండు మొదటి సీజన్‌లోనే కుంటాయి. మూడోదాన్ని ఎవరూ కొనలేదు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు అని సామెత చెప్పుకుంటాం. ఆ మనిషి నేనిచ్చిన కప్పును చూసి ఒక సంతానాన్నే పెంచాడు.

అందుకే అడుగుతున్నాను, రేపు కప్పు ఇచ్చేటప్పుడు మీరు అందానికి బహుమతి ఇస్తున్నామనుకోకండి. ఏ గుర్రంతో పిల్లల్ని పుట్టించాలో చెబుతున్నారు. ఆ మాట విని మేపేవాడు మన కళ్ళముందు ఉండడు. ఏ సందులోనో ఉంటాడు.

టైమ్ అయిందని కార్యదర్శిగారు చెయ్యి చూపిస్తున్నారు. పోనీల గురించి రెండు మాటలు చెప్పి దిగుతాను. పోనీ అంటే పిల్ల గుర్రం కాదు. మూపు దగ్గర 14.2 హ్యాండ్లు, అంటే నాలుగడుగుల పది అంగుళాల లోపు ఉన్న, పూర్తిగా ఎదిగిన జంతువు. దాని కాళ్ళు ఒంటికి పొట్టిగా ఉండటం లోపం కాదు, అదే దాని తీరు. రేసు గుర్రాన్ని చూసే కళ్ళతో మార్కులు కొయ్యకండి. కానీ గుండ్రటి ఒళ్ళు చూసి మురిసిపోకండి, పోనీ ఒంట్లో కొవ్వు చాలా వంకరలు దాచేస్తుంది. పార్కుల దగ్గర దాని మీద ఎక్కేది మన పిల్లలు. పళ్ళు కూడా చూడండి. పై దవడ ముందుకొచ్చి చిలకముక్కులా ఉంటే గడ్డి కొరకలేదు. సాయీసులూ, మీకొక విన్నపం. జడ్జి కాలెత్తమంటే అవమానం అనుకోకండి. మీ గుర్రం మీద నమ్మకం ఉంటే అడక్కముందే ఎత్తి చూపించండి.

ఆ పాతబస్తీ మనిషి ఇప్పుడు లేడు. ఆయన కొడుకు రేపు ఒక గుర్రాన్ని తెస్తున్నాడు. ఏదో చెప్పను. ఆ క్లాసులో నేను కూర్చోనని కమిటీకి రాసిచ్చాను, మీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. పొద్దున ఆరున్నరకు రండి. వెనకవైపు సిమెంటు గచ్చు కడిగించమని చెప్పాను, అన్నింటినీ దాని మీదే నడిపిద్దాం. పట్టీలు, మువ్వలు, పూసలు విప్పి పెట్టడానికి గేటు దగ్గర బల్ల వేయించాను. గుండు దారాలు నేను తెస్తాను.