పులివేషం ఫోటోలో మబ్బు: బరంపురం స్టూడియో చర్చ

(ఠాకురాణీ జాత్ర ఫోటోల పోటీలో మొదటి బహుమతి వచ్చిన పులివేషం ఫోటోకి ఆకాశం మార్చారని తేలింది. ఆ గొడవ మీద జరిగిన చర్చ ఇది.)

యాంకర్: ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. సూటిగా అడుగుతున్నా, ఆకాశం మార్చిన ఫోటో కళేనా?

స్టూడియో యజమాని: కాదు. నలభై ఏళ్లు డార్క్‌రూమ్‌లో ఉన్నవాణ్ణి. రీలుకి 36 ఫోటోలు. పులివేషగాడు ఎగిరాడంటే ఒక్కటే నొక్కు. తప్పిందా, మళ్లీ రెండేళ్లకి జాత్ర...

యువ ఫోటోగ్రాఫర్: ఒక్క నిమిషం మాస్టారూ. 1857లోనే రెయ్‌లాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒక ఫోటో చేశాడు. ఫిల్ములో మార్పుల్లేవా?

యజమాని: చేశాడు, చేత్తో చేశాడు!

యాంకర్: చేత్తో మారిస్తే కళేనంటారా?

యజమాని: నా మాట పూర్తి కానివ్వండి. ఎర్ర బల్బు వెలుతురులో, ట్రేలో తెల్ల కాగితం ఊపుతుంటే ముందు పులి నల్ల చారలు తేలతాయి, తర్వాత మొహం. కాస్త ఆలస్యమైతే మొత్తం నల్లబడుతుంది. బొమ్మని నిలబెట్టే హైపో ద్రావణంలో వేసేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాం.

డ్రాయింగ్ టీచరు: అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నెగటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చాడు. ప్రింటులో వెలుగు తగ్గించడం, పెంచడం...

యజమాని: అమ్మా, ఆయన ఉన్న వెలుగునే దిద్దాడు. లేని మబ్బు తేలేదు.

యువ: అంత పెద్ద ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ గారే డిజిటల్‌కి మారారు. ఊటీలో ఇందు ఫిల్ము చేసిన ఫ్యాక్టరీయే మూతపడింది. ఇక మేం దేంతో తియ్యాలి?

యజమాని: ఇందు అన్నావు గనక చెప్తా. పర్లాకిమిడిలో పెళ్లి. ముహూర్తానికి కరెంటు పోయింది. పెట్రోమాక్స్ వెలుగులో ఆ ఇందు రీలు మీదే తలంబ్రాలు తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల గోడ మీదుంది.

యాంకర్: సరే, ఈ పులి ఫోటో కళేనా, కాదా?

టీచరు: ఆ ఫోటో తీసిన కుర్రాడి కన్ను మంచిది. పాదం నేల విడిచిన క్షణాన్ని పట్టుకున్నాడు. ముందు అది చూడండి.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

యజమాని: పాదం కింద దుమ్ము నిజం, పైన మబ్బు అబద్ధం. అంత మంచి క్షణం దొరికాక ఆ మబ్బెందుకు?

యాంకర్: టైమ్ అయిపోయింది. చివరి మాట మీది, తమ్ముడూ.

యువ: నేననేది ఏంటంటే, కెమెరా ఏదైనా...

యజమాని: ముందు ఇది చెప్పు. ఆ సాయంత్రం నువ్వూ అక్కడే ఉన్నావుగా, ఆకాశంలో మబ్బుందా?

యువ: లేదు.