జావా బండికి రంగు ఆఖర్న

శ్రోతలకు నమస్కారం.

పాత మోటార్‌సైకిల్ ఒకటి చేతికి రాగానే మనవాళ్ళు చాలామంది దాన్ని నేరుగా పెయింటర్ దగ్గరికి తోసుకెళ్తారు. నాలుగు రోజులు పోయాక బండి తళతళలాడుతూ ఇంటికొస్తుంది. వీధిలోవాళ్ళు మూగుతారు, ఫోటోలు దిగుతారు. కిక్కు కొడితే మాత్రం ఉలకదు, పలకదు. పైన పటారం, లోన లొటారం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ వరస తిరగెయ్యమనే. ముందు కాగితాలు, తర్వాత ఇంజను, ఆ తర్వాత కరెంటు, అన్నీ అయ్యాకే రంగు. అది కూడా అవసరమైతేనే.

బండి ఏదైనా పద్ధతి ఇంచుమించు ఇదే. అయినా నాకు చెయ్యి బాగా తిరిగిన జావానే తీసుకుని చెప్తాను. అప్పటి చెకొస్లొవేకియాలో 1929లో పుట్టిన బండి ఇది. మన దేశంలో ఇరానీ కుటుంబం ఐడియల్ జావా అనే పేరుతో మైసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. 1961లో బళ్ళు బయటికి రావడం మొదలైంది. డెబ్భైల్లో పేరు యెజ్డీ అయింది గానీ ఇంజను వంశం అదే. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పాతవన్నీ టూస్ట్రోక్ బళ్ళు, అంటే ఇంజనుకు కావాల్సిన నూనె పెట్రోల్లోనే కలిపి పోసేవి. 2018లో మళ్ళీ అదే పేరుతో వచ్చినవి ఫోర్‌స్ట్రోక్ బళ్ళు, వాటి సంగతి వేరు.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. పాత జావాకు సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు రెండు. కిక్కు రాడ్డు, గేరు రాడ్డు రెండూ ఒకటే. ఎడమ పక్కనున్న ఆ రాడ్డును ఇంజను వైపు నొక్కి పైకి తిప్పితే కిక్కు. బండి స్టార్టయ్యాక మళ్ళీ ముందుకు వాల్చితే గేరు. కొత్తగా ఎక్కినవాళ్ళు కిక్కు ఎక్కడుందా అని కుడివైపు వెతుక్కుంటుంటే పక్కనున్నవాళ్ళకు అదో వినోదం. గేరు రాడ్డు నొక్కగానే క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు కూడా ఉంది. చైను బయటికి కనపడదు, రేకు పెట్టెలో, రబ్బరు తొడుగుల్లో తిరుగుతుంది. వెనక చక్రం విప్పినా చైనూ పళ్ళచక్రమూ బండికే ఉండిపోతాయి. దారిలో పంక్చరైతే చేతికి మసి అంటకుండా చక్రం ఊడదీసుకోవచ్చు. అరవై ఏళ్ళు పైబడిన ఆలోచన ఇది. ఇవాళ్టి బళ్ళలో ఎన్నిటికి ఈ సుఖం ఉంది చెప్పండి?

సరే, కాగితాలు. డబ్బు ఇచ్చే ముందే ఆర్.సి. చేతిలో పట్టుకుని ఫ్రేమ్ మీది ఛాసిస్ నంబరూ ఇంజను మీది నంబరూ మీ కళ్ళతో మీరే చదవండి. తుప్పు ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల పాత ఆంధ్రప్రదేశ్ నంబరు బళ్ళు చాలావాటికి ఆర్.సి. ఇంకా తాతగారి పేరు మీదే ఉంటుంది. ఆయన లేకపోతే వారసుల సంతకాలు కావాలి. ఆ సంతకాలు పెట్టాల్సినవాళ్ళు ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో ఉంటారు. బండి విప్పడం సులువు, అన్నదమ్ముల్ని ఒకచోట చేర్చడమే కష్టం. ఆ పని ముందే తెమల్చుకోండి.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి ఐదేసి ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఇది కాక 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ అనే అక్షరాలతో వేరే నంబరు వరుస ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవాలంటే 5,000. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్తానంటే కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. అదే నిబంధనల్లో ఇంకో షరతు ఉంది, అది నాకు బాగా నచ్చింది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, ఇంజను మార్చేసి ఉండకూడదు. హ్యాండిల్ కోసేసి, మడ్‌గార్డు పీకేసి, వెనక కారు టైరంత టైరు వేసినవాళ్ళకు ఆ వరుసలో చోటు లేదు.

ఇక ఇంజను. విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి. కడిగి ఆరబెట్టిన పాల కవర్లలో నట్లూ బోల్టులూ వేసి చీటీలు పెట్టుకోండి. ఈ మాట అందరూ చెప్తారు, ఎవరూ చెయ్యరు.

పిస్టన్ బిగుసుకుపోయి ఉంటే కిక్కు మీద ఎక్కి తొక్కకండి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజనాయిలు కలిపి పోసి కొన్నాళ్ళు వదిలెయ్యండి. తర్వాత గేరులో పెట్టి వెనక చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే చాలావరకు కదులుతుంది.

సైలెన్సర్ గొట్టాలు సిలిండరును కలిసే చోట గుండ్రటి పెద్ద నట్లు రెండుంటాయి. వాటికి కొక్కెం లాంటి ప్రత్యేకమైన పానా కావాలి. అది లేక ఉలి పెట్టి సుత్తితో కొడతారు. పాత జావాను చూసేటప్పుడు మొదట ఆ నట్ల మీదికి వంగి చూడండి. ఉలి గాట్లు ఎన్నున్నాయో లెక్కపెడితే ఆ బండి ఎలాంటి చేతుల్లో పెరిగిందో తెలిసిపోతుంది. తిప్పితే రాకపోతే తుప్పు వదిలించే నూనె రాత్రంతా పట్టించి, పొద్దున కాస్త వేడి చేసి తిప్పండి. సిలిండరు మీది మర పోయిందంటే ఆ బాధ లేత్ షాపుదాకా వెళ్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరి కంటికీ ఆననిది ఆయిల్ సీలు. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్తాను. టూస్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి పోయినప్పుడు పెట్రోలూ గాలీ కలిసి కింద క్రాంక్ ఉండే గదిలోకి వస్తాయి. పిస్టన్ దిగేటప్పుడు ఆ మిశ్రమం అక్కడ ఒత్తుకుని, పక్క దారుల్లోంచి పైకి ఎగుస్తుంది. అంటే కింది గదిలోంచి గాలి అటూ ఇటూ పోకూడదు. పోకుండా కాసేవి క్రాంక్‌కు రెండు పక్కలా ఉండే రబ్బరు సీళ్ళు. బండి ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటే ఆ రబ్బరు గట్టిపడి పెళుసుగా తయారవుతుంది.

క్లచ్ వైపు సీలు పోయిందనుకోండి, గేరు బాక్సులోని నూనెను ఇంజను లోపలికి పీల్చేస్తుంది. సైలెన్సర్లోంచి దట్టంగా తెల్లపొగ వస్తుంది, గేరాయిలు ఎన్నిసార్లు పోసినా తగ్గిపోతూనే ఉంటుంది. మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయంటాడు. రింగులు మార్చినా పొగ తగ్గదు. ఇటు డైనమో వైపు సీలు పోతే ఇంకా ప్రమాదం. అక్కణ్ణుంచి ఉత్త గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటు వచ్చే నూనె కూడా తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను దానంతటదే అరుస్తుంది. అలాగే నడిపితే వేడెక్కి రోడ్డు మధ్యలో పిస్టన్ పట్టేస్తుంది. సీళ్ళు రెండూ కలిపినా ఒక డబ్బా పెయింటు ఖరీదు చెయ్యవు. పాత బండిలో అవి బాగున్నాయా లేదా అని పరీక్షలు పెట్టుకోవద్దు, కళ్ళు మూసుకుని మార్చెయ్యండి.

బోరింగ్, అంటే సిలిండరు లోపలి గోడను కోసి వెడల్పు చేయించడం, ఆ విషయంలో మాత్రం తొందర వద్దు. హెడ్డు విప్పగానే లోపలికి ఒకసారి తొంగిచూసి "బోరింగ్ చేయించెయ్యండి సార్" అనే మేస్త్రీలు ఎక్కువ. జావా సిలిండరు పోత ఇనుము, బోరు 65 మిల్లీమీటర్లు. అరిగినకొద్దీ పావు మిల్లీమీటరు చొప్పున బోరు పెంచి, దానికి సరిపడే పెద్ద పిస్టన్ వేస్తారు. ప్రతిసారీ కోసిన ఇనుము మళ్ళీ రాదు, అలా కోయించుకోవడానికి ఉన్న అవకాశాలు కొన్నే. కాబట్టి గేజితో పైన, మధ్యలో, కింద కొలిపించండి. అరుగుదల హద్దులో ఉంటే రింగులు మార్చితే సరిపోతుంది. కొలవకుండా కోసే షాపులోంచి సిలిండరు చంకలో పెట్టుకుని వచ్చెయ్యండి, మొహమాటపడకండి. కనెక్టింగ్ రాడ్డు, క్రాంక్ బేరింగుల పని వస్తే అది ఇంట్లో అయ్యేది కాదు. ప్రెస్సు ఉండి, క్రాంక్ తిప్పి సూది గేజితో వంకర చూడగలిగిన చోటికి పట్టుకెళ్ళాలి. బెజవాడ ఆటోనగర్లో, సికింద్రాబాద్ రాణీగంజ్ వైపు అడిగితే అలాంటి చేతులు ఇంకా దొరుకుతాయి. విడిభాగాలకైతే హైదరాబాదు జుమేరాత్ బజార్లో ఇనుప సామాను రాసుల్లో వెతికే ఓపిక ఉండాలి. కొత్తగా తయారైనవి చెక్ దేశం నుంచి కూడా తెప్పించుకోవచ్చు. అయితే నా మాట వింటే, అరిగిన అసలు భాగం బాగుచేయించుకోవడానికి దారి ఉన్నంతవరకు నకిలీ కొనకండి. పాతదాన్ని పారెయ్యకుండా ఒక డబ్బాలో ఉంచుకోండి.

పెట్రోలు ట్యాంకులో తుప్పుకు నిమ్మ ఉప్పు మంచి మందు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి నింపి ఒక రోజు ఉంచితే తుప్పు నల్లటి మడ్డిగా దిగుతుంది. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, లోపలంతా కాస్త టూటీ ఆయిల్, అంటే పెట్రోల్లో కలిపే ఆ టూస్ట్రోక్ నూనె, తిప్పాలి. ఆలస్యమైతే గంటల్లో మళ్ళీ ఎర్రబడుతుంది. ట్యాంకుకు వెల్డింగ్ ఉంటే ఖాళీదే కదా అని మంట పెట్టనివ్వకండి. లోపల పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే ట్యాంకు పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకని పెట్రోలు పైపు, ట్యాపులోని వాషర్లు కొత్తరకంవి వేయించండి. నెలల తరబడి బండి తియ్యనప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

కరెంటు దగ్గర పెద్ద కథేమీ లేదు. పాత జావాది 6 ఓల్టుల డైనమో. కార్బన్ బ్రష్‌లు చూసి, స్పార్కు కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరు పెట్టి, కండెన్సర్ కొత్తది వేస్తే స్పార్కు వస్తుంది. వైరింగ్ మొత్తం కొత్తది వేయించండి, అతుకులు వద్దు. హెడ్‌లైటు మసకగానే వెలుగుతుంది. రాత్రిపూట హైవే ఎక్కకపోతే ఇబ్బంది లేదు.

అన్నీ అయ్యాయి. బండి స్టార్టయింది, నాలుగు వీధులు తిరిగొచ్చింది, నూనె కారడం లేదు. రంగు గురించి ఇప్పుడు ఆలోచిద్దాం. ముందు పాత రంగును శుభ్రంగా కడిగి, పాలిష్ పెట్టి చూడండి. అరవైల నాటి ఆ ముదురెరుపు కింద బతికే ఉంటే దాని జోలికి వెళ్ళకండి. ఒకటి రెండు చోట్ల గీతలుంటే ఉండనివ్వండి. రంగు వేయక తప్పదంటే పెయింటర్‌కు మూడు మాటలు చెప్పి మరీ అప్పగించండి. ఛాసిస్ నంబరు మీద లప్పం పడకూడదు, అంకెలున్న చోట ఉప్పుకాగితం ఆడకూడదు. అంకెలు చెదిరితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి అనుమానపు బండి అవుతుంది. ఎర్తు వైరు బిగించే చోట రంగు గీకేసి ఇనుము బయటపెట్టాలి. తళతళలాడే బండికి హారన్ మోగకపోవడానికి సగం కారణం అదే. మరల్లో రంగు పోకుండా పాత బోల్టులు పెట్టి ఉంచాలి.

క్రోమ్ చేయించేటప్పుడు రాగి, నికెల్, క్రోమ్ మూడు పూతలూ వేస్తారా అని అడగండి. రాగి ఎగ్గొడితే ఒక్క వానాకాలానికే పొరలు లేస్తాయి. ట్యాంకు మీది సన్న గీతలకు స్టిక్కర్లు అంటించొద్దు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన బోర్డు ఆర్టిస్టులు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టండి. ఊపిరి బిగబట్టి ట్యాంకు వంపు మీద సన్న కుంచె ఒక్క లాగుడు లాగితే వచ్చే గీత, కొస దగ్గర వెంట్రుకవాసి సన్నబడుతుంది. స్టిక్కరుకు ఆ కొస రాదు.

ఇక రోడ్డు మీద. పిస్టన్, రింగులు కొత్తవైతే మొదటి ఐదొందల కిలోమీటర్లు యాభై స్పీడు దాటించకండి. నేను లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలుపుతాను. అప్పుడప్పుడు ప్లగ్గు విప్పి చూడండి. కాఫీపొడి రంగులో ఉంటే అంతా బాగుంది. తెల్లగా ఉంటే గాలి ఎక్కువైంది, వెంటనే సీళ్ళూ కార్బొరేటరూ చూసుకోవాలి. తడిగా, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది.

ఒక్క జాగ్రత్త ఘాటు రోడ్డుకు. శ్రీశైలం కొండ దిగేటప్పుడు బస్సుల్లా గేరులో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి దిగకండి. ఈ ఇంజనుకు నూనె పెట్రోలుతోపాటే వెళ్తుంది. పెట్రోలు ఆగితే నూనె కూడా ఆగుతుంది, పిస్టన్ మాత్రం అదే వేగంతో ఆడుతూ ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకులు వాడుకుంటూ, కాస్త కాస్త దూరానికోసారి క్లచ్ పట్టుకుని యాక్సిలరేటర్ ఇచ్చి వదలండి. వెనకొచ్చే కారువాళ్ళు పొగకు అద్దాలు ఎక్కించుకుంటారు. ఎక్కించుకోనివ్వండి. సెలవు.