నా చేతికి ఎంతొస్తుంది?

నమస్కారమండీ. ఈ రోజు పరాయి దేశంలో డబ్బు మార్చుకోవడం గురించి మాట్లాడతాను. మనకెందుకులే అని రేడియో తగ్గించకండి. మన నెల్లూరు, ఒంగోలు పక్క ఇప్పుడు పిల్లలు విదేశంలో లేని వీధి ఉందా చెప్పండి. కొందరు అమెరికాలో, కొందరు జర్మనీలో. ఉదయగిరి, ఆత్మకూరు పక్క పల్లెల నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. కొత్తగా పెళ్ళైన జంటలు బాలి అంటున్నారు, బ్యాంకాక్ అంటున్నారు, మనవడు పుట్టాడని అరవై దాటిన అమ్మానాన్నలు చెన్నై వెళ్ళి విమానం ఎక్కుతున్నారు. వీసాకి ఏ కాగితాలు కావాలో, సంచిలో ఎన్ని కిలోల పచ్చడి పట్టుకెళ్ళొచ్చో వీళ్ళందరికీ కంఠతా వచ్చు. అక్కడ దిగాక డబ్బు ఎవరి దగ్గర మార్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను చాలా ఏళ్ళు బ్యాంకులో విదేశీ మారకం చూసే సీటులో పనిచేశాను. ప్రయాణం నుంచి తిరిగొచ్చి, మడతపెట్టిన నోటు ఒకటి కౌంటర్ మీద పెట్టి, 'ఇది చెల్లుతుందా సార్' అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. చెల్లదండీ అని చెప్పడం చాలా కష్టంగా ఉండేది. అందుకే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

మా బావగారికి జరిగింది చెప్తాను. కందుకూరు ఆయనది, హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చెప్పు, నలుగురికీ తెలియాలి అని ఆయనే అన్నారు కాబట్టి చెప్తున్నాను. కరోనా తగ్గాక కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్ళారు ఆయనా, మా అక్కా. కొడుకు డ్రెస్డెన్‌లో ఉంటాడు. అక్కడి నుంచి రైలెక్కితే రెండున్నర గంటల్లో ప్రాగ్, అంటే చెక్ దేశపు రాజధాని. దారిలో పాస్‌పోర్టు కోసం దిగి క్యూలో నిలబడే పని కూడా లేదు. అక్కడే ఉంది చిక్కు. దేశం మారినట్టే అనిపించదు, డబ్బు మాత్రం మారిపోతుంది. చెక్ దేశం 2004లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరినా యూరో తీసుకోలేదు, వాళ్ళ డబ్బు కోరునాయే. బావగారి జేబులో ఉన్నది నెల్లూరులో బయల్దేరే ముందు బ్యాంకులో కొనుక్కున్న వంద యూరోల నోటు.

ప్రాగ్ పాత ఊరి మధ్యలో పెద్ద చౌక్ ఉంటుంది. అక్కడ టౌన్‌హాల్ గోడకి 1410 నాటి గడియారం, గంట కొట్టినప్పుడల్లా పైన చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరసగా తిరుగుతాయి. అది చూడ్డానికి జనం తలలెత్తి నిలబడతారు. ఆ ఊరు కొయ్య కీలుబొమ్మలకి, అంటే తీగలతో ఆడించే బొమ్మలకి కూడా పేరు. మనవరాలికి ఒక బొమ్మ కొనాలని బావగారి కోరిక. కొడుకు కార్డు ఇస్తానన్నాడు. ఈయన ఒప్పుకోలేదు, తాత డబ్బుతో కొన్నదే బొమ్మ అన్నారు. కొడుకూ కోడలూ పాపకి ఏదో తినిపించడానికి పక్కకి వెళ్ళారు, ఈయన డబ్బు మార్చే కౌంటర్ ఒకటి కనిపిస్తే అటు నడిచారు.

కౌంటర్ దాకా వెళ్ళనే లేదు. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదగా పలకరించాడు. 'సార్, ఆ కౌంటర్లో మోసం, మిమ్మల్ని ముంచేస్తారు, చూడండి బోర్డు' అన్నాడు. బావగారు బోర్డు చూశారు. ఆ మనిషి చెప్పింది సగం నిజమే, అలాంటి చౌక్‌లలో కొన్ని కౌంటర్ల రేటు నిజంగా ఘోరంగా ఉంటుంది. అప్పట్లో బ్యాంకు రేటు యూరోకి 24 కోరునాల దరిదాపుల్లో ఉంది. ఆ మనిషి 26 ఇస్తానన్నాడు. 'నాకు యూరోలు అవసరం సార్, జర్మనీ వెళ్తున్నాను, నాకూ లాభం మీకూ లాభం.' సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్క చూపించాడు, 2600. నోట్లు బావగారి ముందే లెక్కపెట్టాడు. వెయ్యి, ఇంకో వెయ్యి, ఐదు వందలు, వంద. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే నిమిషంలో గంట కొట్టింది, జనం ఒక్కసారిగా కదిలారు, వంద యూరోల నోటు చేతులు మారింది, ఆ మనిషి దండం లాంటిది పెట్టి జనంలో కలిసిపోయాడు.

బొమ్మల కొట్లో అమ్మాయి నోటు తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది. 'బెలారుస్' అంది. ఈయనకి అర్థం కాలేదు. అప్పుడు మా అక్క ఆ నోట్లు తన చేతిలోకి తీసుకుంది. 'ఏమండీ, ఈ కొట్లో వాళ్ళ నోట్ల మీద మనుషుల బొమ్మలున్నాయి, మన నోట్ల మీద అన్నీ బిల్డింగులే ఉన్నాయేందండీ?' అని అడిగింది. చదువు పెద్దగా లేని మనిషి మా అక్క. చూపు అంటే అదీ.

బావగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఆ అక్షరాలు ఆయనకి తెలిసినవే. చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల బస్సు ఊళ్ళోకి వస్తే అర్ధరూపాయికీ రూపాయికీ కొనుక్కున్న సోవియట్ పుస్తకాలు ఉండేవి కదా, వాటి లోపలి పేజీలో సన్నగా రష్యన్ అక్షరాలు ఉండేవి. ఆ లిపి! చెక్ భాష రాసేది ఇంగ్లీషు అక్షరాల్లాంటి వాటితోనే. సోషల్ మాస్టారికి ఆ మాత్రం తెలుసు. తెలుసుగానీ ఆ చౌక్‌లో, ఆ రద్దీలో, ఆ మర్యాద మాటల్లో, ఎవరు మాత్రం అక్షరాలు చదువుతారు? అంకెలు చూస్తారు. అందరూ అంకెలే చూస్తారు.

అవి బెలారస్ దేశపు పాత రూబుళ్ళు. ఆ దేశం 2016 జులైలో నాలుగు సున్నాలు కొట్టేసింది, పది వేల పాత రూబుళ్ళకి ఒక కొత్త రూబుల్. పాత నోట్లు బ్యాంకులో ఇచ్చి మార్చుకునే గడువు 2021 డిసెంబరుతో అయిపోయింది. గడువు ఉన్న రోజుల్లోనే అయినా ఆ 2600కి వచ్చేది కొత్త రూబుల్లో పావు వంతు. గడువు దాటాక అది కాగితం. కొడుకు పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళాడు, వాళ్ళు రాసుకున్నారు, డబ్బు రాలేదు. బొమ్మ చివరికి కొడుకు కార్డుతోనే కొన్నారు. పాపకి తేడా తెలీదు, ఆయనకి తెలుసు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బావగారు ఆశపడ్డారు, అందుకే పోయింది అని బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు. నాకు కోపం వచ్చింది. యూరోకి రెండు కోరునాలు ఎక్కువొస్తుందంటే తీసుకోవడం ఆశ కాదు, ముప్పై ఏళ్ళు జీతం లెక్కపెట్టుకుని బతికిన మనిషి అలవాటు. ఆ మోసగాడు వాడుకున్నది ఆ అలవాటునీ, పక్క కౌంటర్లో మోసం ఉందన్న నిజాన్నీ. జాగ్రత్తగా ఉండేవాళ్ళకోసమే పన్నిన వల అది. మోసపోయినవాళ్ళని ఇంట్లోవాళ్ళు వెక్కిరిస్తే, వాళ్ళు ఇంకెవరికీ చెప్పరు, ఇంకొకరు అదే చౌక్‌లో అలాగే నిలబడతారు.

మరి కౌంటర్లో మార్చుకుంటే ఏంటి భరోసా అంటే, రసీదు. 2019 ఏప్రిల్ నుంచి చెక్ దేశంలో చట్టం ఏమిటంటే, కౌంటర్లో వెయ్యి యూరోల విలువ లోపు మార్చుకుని, రేటు చూసి గుండె ఆగినంత పనైతే, మూడు గంటల్లోపు ఆ కౌంటర్‌కే రసీదు పట్టుకెళ్ళి మీ డబ్బు మీరు వెనక్కి తీసుకోవచ్చు. మన పిల్లలు చాలామందికి ఈ సంగతి తెలీదు. వీధిలో మనిషి రసీదు ఇవ్వడు, మూడు గంటల తర్వాత ఉండడు.

అయితే కౌంటర్లన్నీ మంచివని కాదు. 'కమీషన్ లేదు' అని పెద్దక్షరాలతో రాస్తారు, నిజంగానే కమీషన్ ఉండదు, నష్టమంతా రేటులో దాచేస్తారు. లేదంటే వాళ్ళు మనకి అమ్మే రేటు పెద్దగా రాసి, మన దగ్గర కొనే రేటు చీమల్లాంటి అక్షరాల్లో రాస్తారు. బోర్డులు చదివి గెలవాలనుకుంటే కష్టం. నేను బోర్డు చదవమని చెప్పను. ఒక్క ప్రశ్న అడగమంటాను.

మన నెల్లూరు రైతు వడ్లు అమ్మేటప్పుడు చూడండి. దళారి వచ్చి పుట్టి ఇంతకి తీసుకుంటానంటాడు, రేటు బ్రహ్మాండంగా ఉంటుంది. రైతు ఆ రేటుకి పడిపోడు. 850 కిలోల పుట్టికి తేమ కింద ఎంత కోస్తావు, తరుగు ఎంత, హమాలీ ఎవరిది, అన్నీ పోగా నా చేతికి ఎంతొస్తుందో చెప్పు అంటాడు. విదేశంలో కౌంటర్ ముందు కూడా అడగాల్సింది సరిగ్గా అదే. ఈ వంద ఇస్తే నా చేతికి ఎంతొస్తుంది? భాష రాకపోతే ఫోన్‌లో వంద అని కొట్టి చూపించి, ఎంత అని సైగ చేయండి, వాళ్ళ చేత అంకె రాయించండి. ఆ అంకె చూశాకే నోటు బయటికి తీయండి. నోటు తీయకముందే అడగండి. మళ్ళీ చెప్తున్నాను, నోటు తీయకముందే. నోటు అద్దం అవతలికి వెళ్ళాక అడిగితే అది బతిమాలడం అవుతుంది.

అసలు కోరునా నోటు ఎలా ఉంటుందో, బాలిలో వాడే ఇండోనేషియా రుపియా నోటు ఎలా ఉంటుందో బయల్దేరే ముందు రోజు ఫోన్‌లో బొమ్మ చూసుకోండి. ఇప్పుడు చెలామణీలో ఉన్న చెక్ నోట్లు వంద నుంచి ఐదు వేల దాకా అన్నిటి మీదా మనిషి ముఖమే ఉంటుంది. రెండు నిమిషాల పని, పిల్లలైనా చూపిస్తారు.

బాలి వెళ్ళే జంటలకి ఇంకో సంగతి. అక్కడ వంద డాలర్లు ఇస్తే పదిహేను లక్షల రుపియాల పైనే వస్తాయి, లక్షలు వినగానే తల తిరుగుతుంది. అక్కడ అతి పెద్ద నోటే లక్ష. మోసం చేసే కొట్టువాడు ఆ లక్ష నోట్లు ఇవ్వడు, యాభై వేలవీ ఇరవై వేలవీ దొంతరలు పెడతాడు. మీ ముందే లెక్కపెడతాడు, సరిగ్గానే ఉంటుంది, మీరూ లెక్కపెడతారు, సరిగ్గానే ఉంటుంది. తర్వాత 'ఒక్కసారి సరిచూస్తాను' అని కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుంటాడు. అప్పుడు బొటనవేలితో కొన్ని నోట్లు బల్ల వెనక్కి జారతాయి. కాబట్టి చివరిగా లెక్కపెట్టే చెయ్యి మీదై ఉండాలి. వాడు మళ్ళీ ముట్టుకుంటే మీరు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టండి, మొహమాటం వద్దు.

బ్యాంకాక్‌లో అయితే మోసపోవడానికి డబ్బు మార్చడం కూడా అక్కర్లేదు. గ్రాండ్ ప్యాలెస్ గోడ దగ్గర ఎవరో వచ్చి, ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, నేను మంచి గుళ్ళు చూపిస్తాను, తుక్‌తుక్, అంటే అక్కడి ఆటో, చాలా చవక అంటారు. ఆ తుక్‌తుక్ చివరికి ఆగేది రత్నాల కొట్టు ముందు. ప్యాలెస్ మామూలుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా తెరిచే ఉంటుంది. గేటు దాకా నడిచి మీ కళ్ళతో చూసుకోండి. అక్కడ టూరిస్టు పోలీసుల నంబరు 1155.

ఇవన్నీ దూరదేశాల కథలు అనుకోకండి. దుబాయ్ డబ్బు దిర్హామ్‌ల మోసం మన దగ్గరే, చెన్నైలో, హైదరాబాద్‌లో ఎన్నిసార్లు పేపర్లో వచ్చిందో. ఒక నిజమైన దిర్హామ్ నోటు చూపించి, నాకు దొరికాయి, ఎక్కడ మార్చాలో తెలీదు, సగం ధరకి ఇస్తాను అంటారు. తువ్వాలులో చుట్టిన మూట చేతికిచ్చి మాయమవుతారు. విప్పితే పైన ఒకటి రెండు నోట్లు, లోపలంతా పాత పేపరు ముక్కలు. గల్ఫ్‌లో మనిషి ఉన్న కుటుంబాలనే ఎక్కువగా అడుగుతారు, దిర్హామ్ విలువ తెలిసినవాళ్ళు కదా అని. ఎవరైనా అలా పలకరిస్తే 112కి ఫోన్ చేయండి.

ఇక బయల్దేరేవాళ్ళకి. రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న చోటే విదేశీ డబ్బు కొనండి, రసీదు అడిగి తీసుకోండి. మామూలు ప్రయాణానికి చాలా దేశాలకి నోట్ల రూపంలో 3000 డాలర్ల దాకా తీసుకెళ్ళొచ్చు, అంత ఎవరికీ అవసరం ఉండదు, మిగతాది కార్డులో వేయించుకోండి. కొనే విలువ 50 వేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచే కట్టాలి. అక్కడ ఏటీఎం వాడితే, రూపాయల్లో లెక్క వేయమంటారా, ఇక్కడి డబ్బులో వేయమంటారా అని మిషన్ అడుగుతుంది. రూపాయలు అనగానే మనకి ధైర్యంగా ఉంటుంది, నొక్కేస్తాం. నొక్కకండి. అక్కడి డబ్బే ఎంచుకోండి, రూపాయలంటే రేటు మిషన్‌వాళ్ళు వేసుకుంటారు.

చిన్న బ్రాంచీల్లో విదేశీ నోట్లు ఎప్పుడూ ఉండవు, పెద్ద బ్రాంచి నుంచి తెప్పించాలి. కోరునా లాంటివి అస్సలు దొరక్కపోవచ్చు, అప్పుడు యూరోలో డాలర్లో పట్టుకెళ్ళి అక్కడ కౌంటర్లో మార్చుకోవాల్సిందే. కాబట్టి విమానం ఆదివారం అయితే శుక్రవారం సాయంత్రం బ్యాంకుకి పరిగెత్తకండి, సోమవారమే ఫోన్ చేసి ఏ నోట్లు ఉన్నాయో అడగండి. ఫోన్‌లోనే ఈ ప్రశ్న కూడా అడగండి: ఇన్ని రూపాయలు కడితే నా చేతికి ఎన్ని యూరోలు వస్తాయి? నమస్కారం.